డెల్ఫీలో అసలు రాళ్లేవి, మళ్లీ నిలబెట్టినవేవి?

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. ఏథెన్స్ నుంచి ఒక్క రోజు వీలు చేసుకుని డెల్ఫీ వెళ్తున్నారు, అంటే గ్రీసు కొండల్లో అపోలో దేవుడి జోస్యానికి పేరుపడ్డ పాత పుణ్యక్షేత్రానికి. అక్కడ నిలబడి ఉన్న స్తంభాలన్నీ గత వందేళ్లలో కట్టినవేనని ఎవరో అన్నారట, అలాంటప్పుడు అసలైనది ఏం మిగిలిందని మీ అనుమానం. నాలుగైదు గంటల్లో ఏం చూడాలి, ఏం వదిలేయాలి అన్నది రెండోది. నేల చీలికలోంచి వచ్చే పొగ పీల్చి జోస్యం చెప్పిన పూజారిణి కథ నిజమా కాదా అన్నది మూడోది. పాత రాతి కట్టడాల సంరక్షణ నా వృత్తి కాబట్టి మొదటి ప్రశ్న మీదే ఎక్కువ రాస్తాను. మిగతా రెండింటికీ జవాబు అందులోంచే వస్తుంది.

మీరు విన్నది సగమే నిజం. ఈరోజు డెల్ఫీలో నిటారుగా కనిపించేవి దాదాపు అన్నీ ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ నిలబెట్టినవే. ఏథెన్స్ వాళ్ల ట్రెజరీ, అంటే ఆ నగరం తన కానుకలు దాచుకున్న చిన్న రాతి గది, 1903–1906 మధ్య లేచింది. ఖర్చు ఏథెన్స్ నగరపాలక సంస్థే భరించింది. కియోస్ ద్వీపం వాళ్లు ఇచ్చిన బలిపీఠం 1920లో నిలబడింది. అపోలో గుడి ముందు వైపు ఆరు స్తంభాలు, దిగువన మార్మరియా అనే విడి ఆవరణలో గుండ్రటి కట్టడం తాలూకు మూడు స్తంభాలు 1930ల చివర, 40ల మొదట్లో లేచాయి.

కానీ మళ్లీ నిలబెట్టడం వేరు, కొత్తగా కట్టడం వేరు. అక్కడే పడి ఉన్న పాత రాళ్లను ఏరి, ఏది దేని పక్కన ఉండేదో తేల్చుకుని, ఎక్కడిదక్కడ పెట్టారు. దొరకని చోట కొత్త రాయి వేశారు. అందుకే మొత్తం కట్టడాన్ని పట్టుకుని అసలుదా నకిలీదా అని అడిగితే జవాబు రాదు. ఒక్కో రాయినీ విడిగా అడగాలి.

ఏథెన్స్ ట్రెజరీనే తీసుకోండి. అది పారోస్ పాలరాతి కట్టడం. ఏథెన్స్ పర్షియన్లను ఓడించిన మారథాన్ యుద్ధపు సొమ్ముతో కట్టారని క్రీ.శ. రెండో శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. శైలిని బట్టి ఇంకా పాతదనే పండితులూ ఉన్నారు. దాన్ని తిరిగి కట్టినవాళ్లకు కలిసొచ్చింది గోడల మీది రాత. శాసనం ఒక రాయి మీద మొదలై పక్క రాయి మీదకు సాగుతుంది. సగం వాక్యమున్న రాయికి మిగతా సగం ఉన్న రాయి దొరికిందంటే ఆ రెండూ పక్కపక్కనివే అని ఖాయం. కాబట్టి ఆ గోడలను ఊహ మీద కట్టలేదు. పైన కప్పు కింద వరుసగా ఉండే మెటోపు పలకలు మాత్రం నకళ్లు. గ్రీకు పురాణ వీరులు హెరాక్లిస్, థీసియస్‌ల సాహసాలు చెక్కిన అసలు పలకలు మ్యూజియంలో ఉన్నాయి. అంటే ఒకే కట్టడంలో అసలు రాయి, కొత్త రాయి, నకలు శిల్పం మూడూ ఉన్నాయన్నమాట. కొత్త ముక్కల అంచులు మరీ తిన్నగా ఉంటాయి, రంగు ఒకే తీరుగా ఉంటుంది. పాతవాటికి అంచులు చెదిరి ఉంటాయి. కాసేపు నిలబడి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇవన్నీ ఎందుకు పడి ఉన్నాయో తెలియాలంటే ఊరి సంగతి చెప్పాలి. 1892కి ముందు అక్కడ కస్త్రి అనే పల్లె ఉండేది. గుడి మీద, ట్రెజరీల మీద, పాత ఊరేగింపు దారి మీద ఇళ్లు. ఇళ్ల గోడల్లో శాసనాల రాళ్లు. తవ్వాలంటే ఊరిని లేపాలి. దీనికోసం గ్రీసుకీ ఫ్రాన్సుకీ మధ్య ఏళ్ల తరబడి బేరం సాగింది. గ్రీసు ఎండుద్రాక్ష మీద ఫ్రాన్సు సుంకం ఎంత వేయాలన్నది కూడా ఆ బేరంలోకి వచ్చింది. చివరికి 1891లో ఒప్పందం కుదిరింది. ఫ్రెంచ్ పార్లమెంటు 5 లక్షల ఫ్రాంకులు మంజూరు చేసింది. ఊరిని కొద్ది దూరంలో పడమటి వైపుకు మార్చారు. రేపు మీ బస్సు ఆగేది ఆ కొత్త ఊళ్లోనే. పరిహారం విషయం తేలకుండా గునపం దించడానికి వీల్లేదని గ్రామస్థులు అడ్డుపడితే సైనికుల కాపలాతో పని మొదలుపెట్టాల్సి వచ్చింది. థియోఫిల్ ఒమోల్ నాయకత్వంలో 1903 దాకా తవ్వారు. చిన్న పట్టాల మీద ట్రాలీలు వేసి మట్టి తోడారు.

ఆ వేగానికి ఒక మూల్యం ఉంది. వాళ్ల చూపంతా అపోలో పూజలు వెలిగిన కాలపు పాలరాళ్ల మీదే. పైన ఉన్న రోమన్ చివరి కాలపు, క్రైస్తవ కాలపు పొరలకు అంత శ్రద్ధ దక్కలేదు. దాంతో మనకు ఇప్పుడు కనిపించే డెల్ఫీ ఏ ఒక్క కాలానిదీ కాదు. క్రీ.పూ. ఆరో శతాబ్దపు పునాది పక్కన క్రీ.శ. నాలుగో శతాబ్దపు అంగడి గోడ ఉంటుంది. టికెట్ చూపించి లోపలికి వెళ్లగానే తగిలే ఇటుకల కట్టడం అలాంటిదే, రోమన్ కాలపు అంగడి.

ఇక రాళ్లను చదవడం. రంగు చూస్తే చాలా తెలుస్తుంది. నీలం ఛాయ ఉన్న బూడిద రంగు గట్టి సున్నపురాయి ఆ కొండదే. పసుపు, గోధుమ కలిసిన రంగులో, పైనంతా సన్నటి రంధ్రాలతో కనిపించేది పోరస్ రాయి. దాన్ని కొరింథు వైపు నుంచి ఓడలో తెచ్చి, కిర్రా రేవులో దింపి, ఎద్దులతో కొండ ఎక్కించారు. తెల్లది పాలరాయి, ద్వీపాల నుంచి వచ్చింది. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో గుడి కట్టినప్పటి లెక్కలు రాతి మీద చెక్కించి పెట్టారు. వాటిలో గని దగ్గర రాయి ధర కన్నా ఓడ ఖర్చు, ఓడ ఖర్చు కన్నా రేవు నుంచి కొండ మీదకు చేర్చే ఖర్చు ఎక్కువగా కనిపిస్తాయి. పైన నిలబడి కింద లోయను, ఆలివ్ తోటలను, దూరంగా సముద్రాన్ని చూస్తే ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది. గుడి ఉన్నది సముద్రమట్టానికి 570 మీటర్ల ఎత్తున.

తర్వాత కీళ్లు చూడండి. ఈ కట్టడాల్లో రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు. రెండు రాళ్ల పైభాగంలో గాడి చెక్కి, అందులో ఇనుప పట్టీ పెట్టి, కరిగిన సీసం పోసేవాళ్లు. నేల మీద పడి ఉన్న రాళ్లలో ఆ గాడులు స్పష్టంగా కనిపిస్తాయి. రెండు 'T' అక్షరాలు కాళ్లు కలిపినట్టుండే గాడి క్రీ.పూ. ఐదో శతాబ్దంలో ఎక్కువ. రెండు కొసలూ కిందికి వంగిన పట్టీ గాడి నాలుగో శతాబ్దం నుంచి ఎక్కువ. తేదీ చెప్పడానికి ఇదొక్కటే చాలదు గానీ మంచి మొదలు. పక్క రాయికి ఆనుకునే ముఖాన్ని కూడా చూడండి. అంచు వెంబడి సన్నటి పట్టీ మాత్రమే నునుపుగా ఉంటుంది. మధ్యభాగాన్ని కావాలనే కాస్త లోతుగా, గరుకుగా వదిలేశారు. అంచులు ఆనితే చాలు, బయటికి వెంట్రుకంత సందు కూడా కనపడదు. కీలు ఉన్న చోటల్లా రాయిని పగలగొట్టిన గుంటలు కనిపిస్తే అది భూకంపం పని కాదు. తర్వాతి కాలాల్లో ఇనుము, సీసం కోసం జనం పొడిచినవి.

పీఠాల పైభాగం తప్పకుండా చూడండి. పాదం ఆకారంలో గుంటలుంటాయి. కంచు విగ్రహాల కాళ్లను అందులో దించి సీసంతో బిగించేవాళ్లు. విగ్రహాలు పోయాయి, అడుగుల గుర్తులు ఉన్నాయి. విగ్రహం నిలబడ్డ తీరు, ఏ కాలు ముందుకు వేసిందో కూడా వాటిని బట్టి చెప్పొచ్చు. ఎక్కడికి పోయాయంటారా? రోమన్ చక్రవర్తి నీరో ఒక్కడే ఇక్కణ్ణుంచి 500 కంచు విగ్రహాలు పట్టుకెళ్లాడని పౌసానియస్ లెక్క. అంతకు ముందు రోమన్ సేనాని సుల్లా తన సైన్యం జీతాల కోసం గుడి వెండిని తీసుకున్నాడు.

ఊరేగింపు దారి మొదటి మలుపు దాకా ఉన్న ఖాళీ పీఠాలను టూరిస్టులు పట్టించుకోకుండా నడిచిపోతారు. నాకు మాత్రం అక్కడే ఎక్కువసేపు పడుతుంది, ఎందుకంటే అది గ్రీకు నగరాల గొడవల చిట్టా. క్రీ.పూ. 405లో ఏథెన్స్ నౌకాదళాన్ని తుడిచిపెట్టిన స్పార్టా సేనాని లైసాండర్ తన విగ్రహాల గుంపును ఇక్కడ పెట్టించాడు. అందులో సముద్ర దేవుడు పొసైడన్ స్వయంగా లైసాండర్ తలకు కిరీటం పెడుతున్నాడు. మారథాన్ గెలుపుకి ఏథెన్స్ పెట్టిన విగ్రహాలు కూడా ఈ ప్రవేశ భాగంలోనివే. లైసాండర్ గెలుపుకి ముప్పై ఆరేళ్ల తర్వాత స్పార్టా ఓడిపోయి, శత్రువులు దాని నేల మీదకే వచ్చినప్పుడు, దాని పొరుగు ప్రాంతం ఆర్కేడియా వాళ్లు తమ కంచు విగ్రహాల వరుసను సరిగ్గా స్పార్టా కట్టడం ఎదుటే తెచ్చి పెట్టారు. ఆర్గోస్ వాళ్లు తమ పాత రాజులందరినీ అర్ధచంద్రాకారంలో నిలబెట్టారు. క్రీ.శ. మొదటి, రెండో శతాబ్దాల్లో ఇక్కడ పూజారిగా పనిచేసిన రచయిత ప్లూటార్క్‌కి కూడా ఇది మింగుడు పడలేదు. దేవుడి చుట్టూ ఉన్న కానుకలన్నీ గ్రీకులు గ్రీకులను చంపి దోచిన సొమ్మేనన్న బాధ ఆయన రాతల్లో కనిపిస్తుంది.

ట్రెజరీల్లో సిఫ్నోస్ ద్వీపం వాళ్లది నేల మీద పునాది మాత్రమే. ఆ చిన్న ద్వీపంలో బంగారం, వెండి గనులు ఉండేవి. ఆ రాబడిలో పదో వంతుతో క్రీ.పూ. 525 ప్రాంతంలో దీన్ని కట్టారు. ముందు వైపు స్తంభాలకు బదులు ఇద్దరు స్త్రీమూర్తులు పైకప్పును మోసేవారు. చుట్టూ తిరిగే శిల్పాల పట్టీలో ట్రోయ్ యుద్ధం, దేవతలకీ రాక్షసులకీ పోరు. ఎవరు ఎవరో తెలిసేలా బొమ్మల పక్కన పేర్లు కూడా రాశారు. శిల్పాలన్నీ మ్యూజియంలో ఉన్నాయి. నేల మీద పునాదిని ఒక్క నిమిషం చూసి, దాని కొలత మనసులో పెట్టుకుని మ్యూజియానికి వెళ్లండి. అంత ఇరుకు గదికి అంత శిల్పమా అనిపిస్తుంది.

ఇప్పుడు నా దృష్టిలో డెల్ఫీలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు. గుడి కింద, దాన్ని మోస్తున్న పెద్ద అడ్డుగోడ. క్రీ.పూ. 548లో పాత గుడి కాలిపోయాక కొత్త గుడికి పెద్ద వేదిక కావాలని దీన్ని లేపారు. పొడవు 80 మీటర్లకు పైనే. రాళ్లు చతురస్రాలు కావు. ఒక్కోటి ఒక్కో ఆకారం, అంచులు వంపులు తిరిగి పక్క రాయిలో ఇమిడిపోతాయి. దీన్ని ఎవరూ మళ్లీ నిలబెట్టలేదు. ఆరో శతాబ్దంలో పెట్టిన చోటే ఉంది. ఎన్నో భూకంపాలు చూసినా ఆ వంపుల కీళ్లు విడిపోలేదు. అసలైనది ఏముందని అడిగారు కదా, మొదటి జవాబు ఈ గోడే.

దగ్గరికి వెళ్తే గోడంతా అక్షరాలే. దాదాపు 800 శాసనాలు. మన పాత గుళ్ల గోడల మీద దాన శాసనాలు నిండి ఉన్నట్టే, కాకపోతే ఇవి భూదానాలు, దీపారాధన దానాలు కావు. చాలావరకు బానిసల విడుదల పత్రాలు, క్రీ.పూ. 200 నుంచి దాదాపు మూడు వందల ఏళ్ల పాటు చెక్కినవి. పద్ధతి ఇలా ఉండేది. బానిసకు చట్టం ముందు సొంత హక్కు లేదు కాబట్టి తనను తాను కొనుక్కోలేడు. అందుకని యజమాని ఆ బానిసను అపోలో దేవుడికి అమ్మినట్టు పత్రం రాస్తారు. డబ్బు మాత్రం బానిస కూడబెట్టుకున్నదే. పత్రంలో బానిస పేరు, ఏ జాతివాడు, ధర, సాక్షులు, హామీదారు, ఆ ఏడాది అధికారి పేరు అన్నీ ఉంటాయి. ధర సాధారణంగా 3 నుంచి 5 మినాలు, మినా అంటే 100 డ్రాక్మాలు. దేవుడి గోడ మీద చెక్కించడం దేనికంటే, రేపు ఎవరైనా వచ్చి నువ్వు నా బానిసవే అంటే చూపించడానికి.

చదువుతూ పోతే మనసు కష్టపడే షరతు ఒకటి కనిపిస్తుంది. విడుదలైనా యజమాని చనిపోయేదాకా ఆ ఇంట్లోనే ఉండి చెప్పిన పని చేయాలి. డబ్బు కట్టాక కూడా ఇలా ఉండిపోయినవాళ్లు చాలామంది. కాలం గడిచేకొద్దీ ఈ షరతు పెరుగుతూ వచ్చింది. కొన్నింటిలో పుట్టిన బిడ్డను యజమానికి ఇవ్వాలని కూడా ఉంటుంది. ఈ శాసనాలు లేకపోతే డెల్ఫీ మనకు రాజులు, యుద్ధాలు, జోస్యాలు మాత్రమే. మామూలు మనుషుల పేర్లు ఇంత పెద్ద సంఖ్యలో మిగిలిన చోట్లు పురాతన ప్రపంచంలో తక్కువ. అక్షరాలు చాలా చిన్నవి, మధ్యాహ్నపు ఎండలో కనపడవు. పొద్దున గానీ సాయంత్రం గానీ, వెలుతురు గోడ మీద ఏటవాలుగా పడేటప్పుడు చూడాలి. చేత్తో తడమకండి, చూసే సిబ్బంది ఈల వేస్తారు.

ఆ గోడకు ఆనుకునే ఏథెన్స్ వాళ్ల వరండా ఉంది. పర్షియన్ల మీద గెలిచాక, క్రీ.పూ. 478 తర్వాత కట్టారు. మెట్టు మీద పెద్ద అక్షరాల్లో, శత్రువుల నుంచి తీసుకున్న వస్తువులను ఇక్కడ అర్పించామని ఉంటుంది. గ్రీకు రాకపోయినా ఆ అక్షరాలు కంటికి ఆనతాయి.

గుడి సంగతికొస్తే, ఆ స్తంభాలను చూసి మారథాన్ కాలానికి వెళ్లిపోకండి. మీరు చూసేది క్రీ.పూ. నాలుగో శతాబ్దపు గుడి. 548లో కాలిపోయినప్పుడు కొత్తదానికి 300 టాలెంట్లు కావాలన్నారు, టాలెంట్ అంటే 60 మినాలు. అందులో నాలుగో వంతు డెల్ఫీ వాళ్లు చందాలతో తేవాలి. ఈజిప్టు రాజు అమాసిస్ పటిక పంపాడని పాత గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఏథెన్స్ నుంచి బహిష్కరణలో ఉన్న ఆల్క్‌మియోనిడ్ కుటుంబం కాంట్రాక్టు తీసుకుని, ఒప్పందంలో పోరస్ రాయి అని ఉన్నా ముందు భాగాన్ని పారోస్ పాలరాతితో కట్టింది. ఇది భక్తి అని కొందరు, జోస్యాన్ని తమవైపు తిప్పుకునే పెట్టుబడి అని కొందరు. తర్వాత పూజారిణి స్పార్టా వాళ్లతో పదేపదే ఏథెన్స్‌ను నియంతల నుంచి విడిపించమని చెప్పిందంటే నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

ఆ గుడి క్రీ.పూ. 373లో భూకంపానికీ కొండచరియలకీ కూలిపోయింది. మళ్లీ కడుతుండగా యుద్ధం. 356లో డెల్ఫీ చుట్టుపక్కల ప్రాంతమైన ఫోకిస్ వాళ్లు గుడిని ఆక్రమించి, కానుకల బంగారం, వెండి కరిగించి కూలి సైన్యానికి జీతాలిచ్చారు. 346లో ఓడిపోయాక వాళ్ల మీద జరిమానా పడింది. ఏడాదికి రెండు వాయిదాలు, ఒక్కోటి 30 టాలెంట్లు. ఆ వాయిదాలు కట్టిన రసీదులు కూడా రాతి మీదే ఉన్నాయి. క్రీ.పూ. 330 ప్రాంతానికి గుడి పూర్తయింది. పక్కలకు 15, ముందూ వెనకా 6 స్తంభాలు. పాత గుడి రాళ్లను కూడా పునాదిలోకి వాడేసుకున్నారు.

పొగ కథ ఇక్కడే. ప్లూటార్క్, పాత భూగోళ రచయిత స్ట్రాబో ఇద్దరూ నేలలోంచి వచ్చే ఒక ఆవిరి గురించి చెప్పారు. ఫ్రెంచ్ వాళ్లు గుడి లోపల తవ్వితే పెద్ద చీలికేమీ దొరకలేదు. దాంతో చాలాకాలం అది కట్టుకథ అనుకున్నారు. 2001లో భూగర్భ శాస్త్రవేత్త డి బోయర్, పురావస్తు శాస్త్రవేత్త హేల్ తదితరులు గుడి కింద రెండు భ్రంశ రేఖలు, అంటే భూమి పొరలు విరిగి జరిగిన గీతలు, కలుస్తాయని, దగ్గరి ఊటనీటిలో ఎథిలీన్ అనే వాయువు జాడ ఉందని ప్రచురించారు. పత్రికలు దాన్నే రహస్యం వీడిందని రాసేశాయి. తర్వాత వచ్చిన పరిశీలనల్లో ఆ ఎథిలీన్ మోతాదు మనిషికి మత్తెక్కించేంత కాదన్నారు, మీథేన్, కార్బన్ డయాక్సైడ్ లాంటివి వచ్చి ఉండొచ్చన్నారు. నా మాట అడిగితే, ఆ గది నేల మిగలలేదు కాబట్టి రాళ్లు చూసి ఎవరూ తేల్చలేరు. పైగా జోస్యం పని చేయడానికి గ్యాస్ అవసరమే లేదు. పూనకం వచ్చిన మనిషి మాటను జనం దేవుడి మాటగా తీసుకోవడం మనకు కొత్త కాదు. రాతి ఆధారం గట్టిగా ఉన్నది జోస్యం చుట్టూ నడిచిన ఏర్పాటుకి. ఎవరు ముందు అడగాలన్నది పెద్ద హక్కు. దాని పేరు ప్రొమాంటియా. గుడి ఎదుటి కియోస్ వాళ్ల బలిపీఠం మీద, ఈ హక్కు వాళ్లకు ఇచ్చినట్టు చెక్కి ఉంది. బయట నిలబడే చూడొచ్చు.

గుడి వసారాలో "నిన్ను నువ్వు తెలుసుకో", "ఏదీ అతి కాకూడదు" లాంటి సూక్తులు రాసి ఉండేవి. అవి ఇప్పుడు అక్కడ లేవు. కానీ క్లియార్కోస్ అనే ఆయన డెల్ఫీలో వాటిని జాగ్రత్తగా నకలు రాసుకుని, ఉత్తర ఆఫ్ఘనిస్తాన్‌లో ఆక్సస్ నది ఒడ్డున ఉన్న ఐ ఖానుమ్ అనే గ్రీకు నగరంలో చెక్కించాడు. క్రీ.పూ. మూడో శతాబ్దపు ఆ రాయి దొరికింది. అదే శతాబ్దంలో దానికి దక్షిణాన కందహార్‌లో అశోకుడు గ్రీకులో శాసనం వేయించి, ధర్మం అన్న మాటకు గ్రీకు వాళ్ల భక్తి పదాన్ని వాడుకున్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద రాయించింది కూడా ఈ అశోకుడే. డెల్ఫీ మన చరిత్రకు అంత దూరంలో లేదని చెప్పడానికే ఈ పక్కదారి.

మ్యూజియం విషయంలో ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. ఇక్కడ మిగిలిన గొప్ప వస్తువులు చాలావరకు ఏదో విపత్తు పూడ్చిపెట్టినవే. పైన నిలబడి ఉన్నవి దోపిడీకి పోయాయి, మట్టి కింద పడ్డవి మిగిలాయి. కంచు రథసారథి అలాంటిదే. సిసిలీలోని గెలా పాలకుడు పాలిజలోస్ క్రీ.పూ. 470ల్లో రథ పందెం గెలిచి అర్పించిన పెద్ద గుంపులో అది ఒక ముక్క. క్రీ.పూ. 373 కొండచరియల కింద పడిపోవడంతో ఏ రోమన్ కంటా పడలేదు, 1896లో దొరికింది. ఎత్తు 1.80 మీటర్లు. కళ్లలో పొదిగిన రాయి, గాజు ఇంకా ఉన్నాయి. కాళ్ల గోళ్లు దాకా చెక్కారు, రథంలో నిలబడితే అవి ఎవరికీ కనపడవు.

అలాగే 1939లో ఊరేగింపు దారి పలకల కింద గోతులు బయటపడ్డాయి. కాలిపోయిన దంతపు ముఖాలు, బంగారు రేకులు, వెండి రేకులు తాపడం చేసిన నిలువెత్తు ఎద్దు. ఆరో శతాబ్దపు వస్తువులు ఎప్పుడో అగ్నిప్రమాదంలో పాడైపోతే, దేవుడి సొత్తు కాబట్టి బయట పారేయకుండా గుడి ఆవరణలోనే పూడ్చారు. దంతం నల్లబడి ఉంటుంది, దానికి కారణం అదే.

రథసారథి గదిలో అందరూ గుమిగూడతారు. వీలైతే ఏథెన్స్ ట్రెజరీ గోడ నుంచి తెచ్చిన అపోలో స్తోత్రాల రాళ్లను వదలకండి. పాట అక్షరాల పైన స్వరాల గుర్తులు చెక్కి ఉన్నాయి. పురాతన గ్రీకు సంగీతం రాసి పెట్టిన పొడవైన నమూనాల్లో ఇవి ముఖ్యమైనవి. ఎమీలియస్ పౌలస్ స్తంభపు పట్టీ కూడా చూడండి. మాసిడోనియా రాజు పెర్సియస్ తన విగ్రహం కోసం స్తంభం సిద్ధం చేయించుకుంటుండగా క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర ఓడిపోయాడు. గెలిచిన రోమన్ సేనాని పౌలస్ అదే స్తంభం మీద తన విగ్రహం పెట్టించుకుని, కింద లాటిన్‌లో, గ్రీకు గుడి నడిబొడ్డున, పెర్సియస్ నుంచి, మాసిడోనియన్ల నుంచి గెలుచుకున్నానని చెక్కించాడు.

నడక క్రమం గురించి. పొద్దున్నే గేటు తెరిచేసరికి పైకి ఎక్కేయండి, ఎండ ఎక్కాక మ్యూజియంలోకి దూరండి. థియేటర్ దాకా తప్పక వెళ్లండి, 35 వరుసల పైనుంచి గుడి ప్లాన్ మొత్తం ఒక్క చూపులో అందుతుంది. దానిపైన స్టేడియం బాగుంటుంది గానీ బండలు పడతాయని లోపలికి వదలరు. మోకాళ్లు సహకరించకపోతే మానేయొచ్చు. మెట్లు నునుపెక్కిన రాళ్లు, పట్టున్న బూట్లు వేసుకోండి. కస్టాలియా ఊట రోడ్డు పక్కనే, అయిదు నిమిషాలు చాలు.

మార్మరియా మాత్రం మానేయకండి. ప్రధాన ఆవరణ నుంచి కిలోమీటరు లోపే, రోడ్డుకు దిగువన, విడిగా ఉంటుంది. ప్యాకేజీ టూర్ బస్సులు చాలావరకు అక్కడ ఆగవు. అక్కడి గుండ్రటి కట్టడాన్ని, థోలోస్‌ను, క్రీ.పూ. 380–370 ప్రాంతంలో కట్టారు. బయట సాదా తలకట్టు ఉన్న డోరిక్ స్తంభాలు 20, లోపల ఆకుల చెక్కడంతో తలకట్టు ఉన్న కొరింథియన్ అర్ధస్తంభాలు 10 ఉండేవి. దేనికోసం కట్టారో పాతవాళ్లెవరూ రాసిపెట్టలేదు. దాని పక్కన పాత అథీనా గుడి. తవ్వినప్పుడు దాని స్తంభాలు కొన్ని నిలబడే ఉన్నాయి. 1905లో పైనున్న కొండ నుంచి బండలు దొర్లి వాటిలో చాలావాటిని పడగొట్టాయి. క్రీ.పూ. 480లో పర్షియన్ సైన్యం ఇక్కడికి వస్తే కొండ నుంచి రెండు పెద్ద బండలు విరిగి మీద పడ్డాయని, తన కాలానికి కూడా అవి అథీనా ఆవరణలోనే ఉన్నాయని హెరొడోటస్ రాశాడు. 1905లో పడ్డ బండల్లో కొన్ని ఇంకా శిథిలాల మధ్యే ఉన్నాయి, ఎవరూ తీయలేదు.

చివరగా ఒక సలహా. మీరు ఇస్తాంబుల్ మీదుగా తిరిగొస్తూ అక్కడ ఒక పూట ఆగే వీలుంటే, పాత గుర్రప్పందేల మైదానంలోకి వెళ్లండి. మెలితిరిగిన మూడు పాముల కంచు స్తంభం ఒకటి ఉంటుంది, ఇప్పుడు దాదాపు 5 మీటర్లు మిగిలింది. క్రీ.పూ. 479లో ప్లాటియా దగ్గర పర్షియన్లను ఓడించిన 31 గ్రీకు నగరాలు డెల్ఫీలో అర్పించిన కానుక అది. దాని మీదున్న బంగారు ముక్కాలి పీటను ఫోకిస్ వాళ్లు కరిగించేశారు. కంచును రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ తన కొత్త రాజధానికి, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌కి, తెప్పించుకున్నాడు. నగరాల పేర్లు కింది మెలికల మీద చెక్కి ఉన్నాయి. డెల్ఫీలో గుడి ఎదుట మీకు కనిపించేది దాని నకలు.